ఎవరూ లేని గడి

ఇంకా యాభై ఒక్క నిమిషాలు. నా బల్ల మీద నిలబెట్టిన పలకలో ముప్పై ఆరు గడులు, గడికో పేరు, పేరు పక్కన ఆకుపచ్చ చుక్క. తలెత్తితే ఎదురుగా అదే ముప్పై ఆరుగురు. ఒకే తరగతిని రెండుసార్లు చూడాల్సిన పని ఏమొచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అందరూ ట్యాబ్ అంటారు, నేను పలక అంటాను, పిల్లలు నవ్వుతారు, నవ్వనీ, ఒళ్ళో పెట్టుకుని రాసి చెరిపేసేదాన్ని పలక అనక ఇంకేమంటారు. కాకపోతే మా చిన్నప్పుడు పలక పగిలితే వీపు మీద ఒకటి పడేది, ఇది పగిలితే కమిటీ వేస్తారు. చూస్తూ ఉండమన్నారు కాబట్టి చూస్తున్నాను. ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా కళ్ళు పరిగెత్తించి, వద్దనుకుంటూనే మళ్ళీ పద్నాలుగో గడి దగ్గర ఆగుతున్నాను. ఆకుపచ్చ. ఇప్పటికైతే ఆకుపచ్చే.

గది ఎంత నిశ్శబ్దంగా ఉందో. గణితం పరీక్షంటే ఇలా ఉండేది కాదు, కాగితాలు రెపరెపలాడేవి, ఎవరి జామెట్రీ బాక్సో భళ్ళున కిందపడి వృత్తలేఖిని నా కాళ్ళ దగ్గరకి దొర్లుకుంటూ వచ్చేది, రెండు పేజీలు కూడా నింపనివాడు లేచి అదనపు కాగితం కావాలనేవాడు. ఇప్పుడు ఫ్యాను చప్పుడు, అద్దం మీద వేళ్ళ మెత్తటి చప్పుడు, అంతే. నేను దీనికి శత్రువునేమీ కాను. మూడో వరసలో కళ్ళద్దాల పిల్లాడు రెండేళ్ళుగా బోర్డు మీద నా రాత కనపడక పక్కవాడి నోట్సు చూసి ఎక్కించుకుంటున్నాడని, వాడు పలకలో అక్షరాలు పెద్దవి చేసుకుని ముందుకు వంగడం మానేసిన రోజున గానీ నాకు తెలియలేదు. తలుపు పక్కన కూర్చునే పిల్ల మూడేళ్ళలో ఒక్క సందేహం అడిగిన పాపాన పోలేదు, పలక చేతికొచ్చిన వారంలో పదకొండు ప్రశ్నలు టైపు చేసి పంపింది, అవి చదువుతుంటే నాకు సిగ్గేసింది, ఇంతమంచి ప్రశ్నల్ని ఇన్నాళ్ళూ లోపలే దాచుకునేలా నేను ఏం చేశానా అని. కాబట్టి దాని మంచి నేను చెబుతాను, దానికే నేనంటే పడదు. ఇరవై తొమ్మిదేళ్ళు సుద్దముక్క పట్టిన వేళ్ళివి, ఎండిపోయి గరుకుదేలాయి, నొక్కితే దానికి ఆనవు. ఒకటికి నాలుగుసార్లు నొక్కాలి, ఐదోసారికి విసుగొచ్చి గట్టిగా పొడిస్తే ఎక్కడెక్కడివో తెరుచుకుంటాయి. వెనక చార్జింగ్ అల్మారా పక్కన కూర్చున్న అమ్మాయి, ఈ పలకలన్నీ చూసుకునే ఉద్యోగం ఆమెది, మొదటి రోజే నవ్వకుండా చెప్పింది, "చర్మంలో కాస్త తేమ ఉండాలి మేడం. లేకపోతే వేలు ఉన్నట్టే దానికి తెలీదు." రబ్బరు మొన ఉన్న పెన్నొకటి ఇచ్చింది కూడా, దాన్ని ఎక్కడ పెట్టానో ఆ దేవుడికే తెలియాలి. ఒకసారి అలవాటుకొద్దీ, నోట్సులు దిద్దేటప్పుడు పేజీ తిప్పినట్టు, వేలు నాలుకకి అద్దుకుని నొక్కాను, అది పనిచేసింది, కానీ క్లాసంతా ఒక్క గొంతుతో ఛీ టీచర్ అంది, వారం రోజులు ఎక్కడ కనపడినా అదే నవ్వు.

నలభై నాలుగు నిమిషాలు. పద్నాలుగో గడి ఆకుపచ్చ. ఆ పిల్ల కిటికీ పక్కన రెండో బల్లలో ఉంది. తోటి పిల్లలు దానికి పరధ్యానం అని పేరు పెట్టారు, అది కూడా ఆ పేరుకి పలుకుతుంది, కాకపోతే ఒక నిమిషం ఆగి పలుకుతుంది. ఏ లెక్కయినా ముందు చూస్తుంది, తర్వాత కిటికీలోంచి చూస్తుంది, తర్వాత కాగితం మీద రాస్తుంది. రాయడం మొదలుపెట్టాక కొట్టివేత ఉండదు. నా సర్వీసులో అలాంటి కాగితాలు నాలుగైదు చూసి ఉంటానేమో. ఈ పరీక్షలో ఇరవైకి పదిహేను వస్తే వచ్చే ఏడాది గణితం ప్రత్యేక సెక్షన్లో కూర్చుంటుంది, రాకపోతే లేదు, ఈ చదువులో ఇక ఆ దారి మూసేసినట్టే. మళ్ళీ రాయడం లేదు, బతిమాలుకోవడం లేదు, దిద్దేది మనిషి కాదు కాబట్టి పోయి అడగడానికి ఎవరూ లేరు. ఈ పలకకొక నియమం ఉంది, ఐదు నిమిషాలపాటు వేలు తగలకపోతే పిల్లలు అక్కడ లేనట్టే లెక్క, చుక్క పసుపుగా మారుతుంది. ఇంకో నిమిషం చూస్తుంది. అప్పటికీ తాకకపోతే చుక్క ఎర్రబడి పరీక్ష మూసుకుపోతుంది, అప్పటిదాకా పలకలో ఎక్కించినవే మార్కులు. పలక వదిలేసి బయటికెళ్ళిన వాళ్ళ జవాబులు పక్కవాళ్ళు మార్చేయకుండా పెట్టారట. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ ఆలోచిస్తున్న పిల్ల ఎక్కడికి వెళ్ళినట్టు?

నాలుగు రోజుల కిందట సాధన పరీక్షలో ఈ పిల్లకి ఇరవైకి మూడు వచ్చాయి. అందరి ముందూ నిలబెట్టి అడిగాను, గంటసేపు కూర్చుని మూడు లెక్కలా చేసేది, ఆ కిటికీలో ఏం సినిమా ఆడుతోంది అని. అందరూ నవ్వారు. నాకు అలా నవ్వించడం బాగా వచ్చు, పిల్లలు నన్ను ఇష్టపడేది కూడా అందుకే, ఎవరో ఒకర్ని నిలబెట్టి మిగతావాళ్ళని నవ్విస్తాను. అది తల దించుకుని నిలబడింది. సాయంత్రం పలకలన్నీ అల్మారాలో పెడుతుంటే పద్నాలుగో నంబరు పలక అట్ట మధ్యలో మడతలు తగిలాయి. నాలుగు కాగితాలు. ఇరవై లెక్కలూ ఉన్నాయి, పంతొమ్మిది సరైనవి, ఒక్కటి కూడిక దగ్గర జారింది. ముందు అన్నీ కాగితం మీద చేసి, ఒకసారి సరిచూసుకుని, అప్పుడు పలకలో ఎక్కించబోయింది, ఎక్కించేలోగా అది మూసుకుపోయింది. ఎవరు చెప్పారు దానికి ముందు కాగితం మీద చెయ్యమని? నేనే. ఇరవై తొమ్మిదేళ్ళుగా ప్రతి తరగతికీ మొదటి రోజు చెప్పే మాట అది, తొందరపడొద్దు, ముందు రఫ్ కాగితం, తర్వాతే ఫెయిర్. మిగతా పిల్లలు తెలివైనవాళ్ళు, పలక వచ్చిన రోజే నా మాట గాలికి వదిలేశారు. మాట విన్నది ఇదొక్కతే. మర్నాడు పక్కకి పిలిచి అడిగాను, "కాగితం మీద అన్నీ చేశానని అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అది కిటికీ వైపు చూసింది. ఆ రోజంతా జవాబు లేదు.

జవాబు వెంటనే రాని మనుషులు నాకు కొత్తా. మా తమ్ముణ్ణి ఇంట్లో నిదానం అనేవాళ్ళు. అమ్మ బయటికెళుతూ తలుపు వెయ్యనా తియ్యనా అని అడిగితే, ఆవిడ వెళ్ళి పని చూసుకుని తిరిగొచ్చేసరికి వెయ్యి అనేవాడు. వాడికి తెలియక కాదు, ప్రశ్న వాడి లోపలికి దిగి అన్ని గదులూ తిరిగి వచ్చేది. మా బడిలో నాలుగో తరగతి, ఐదో తరగతి ఒకే గదిలో ఉండేవి, వాడు నాలుగు, నేను ఐదు, మధ్యలో ఒక బల్లంత దూరం. తనిఖీ అధికారి వచ్చిన రోజు పొద్దున బడికి నడుస్తూ వాడు పదిహేనో ఎక్కం దాకా ఒప్పజెప్పాడు నాకు, నిదానంగానే గానీ ఒక్క తప్పు లేకుండా. ఆ పెద్దమనిషి వాణ్ణి లేపి ఏడు తొమ్మిదులు ఎంత అన్నాడు. అని చెయ్యి పైకెత్తి ఐదు వేళ్ళూ చాపి ఒక్కోటే మడవడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మా తమ్ముడు కిటికీ వైపు చూస్తున్నాడు, వాడు లోపల నడుస్తున్నాడని నాకు తెలుసు, వాడికి వచ్చని నాకు తెలుసు, ఆ గదిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మూడు. లేచి, వాడికొచ్చు సార్, కొంచెం ఆగండి అంటే సరిపోయేది. నాలుగు. నేను నా పలక వంక చూసుకున్నాను, నా పలక మీద నక్షత్రం గుర్తు ఉంది, అంతకుముందే నన్నడిగితే టక్కున చెప్పి తెచ్చుకున్న నక్షత్రం, లేస్తే ఎక్కడ చెరిపేస్తాడోనని. ఐదు. కూర్చో అన్నాడు. వాడి పేరు పక్కన ఏదో రాసుకున్నాడు. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర మా తమ్ముడు నీళ్ళు తాగి గ్లాసు కిందపెట్టి అరవై మూడు అన్నాడు. నాన్నకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ ఏడాది వాణ్ణి అదే తరగతిలో ఉంచేశారు, మరుసటి ఏడాదీ అంతే, ఆ తర్వాత నాన్న కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణంలో చేర్పించాడు. ఇప్పుడు ఆ దుకాణం వాడిదే. ఎక్కడెక్కడి దర్జీలూ వాడి దగ్గరకే వస్తారు, మిషన్ పెట్టేసి వెళ్ళిపోతారు, వాడు అరగంట చక్రం తిప్పుతూ వింటాడు, తర్వాత ఒక్క మర బిగిస్తాడు, అంతే. బాగానే ఉన్నాడు, ఏ లోటూ లేదు, నాకంటే హాయిగా నిద్రపోతాడు. అయినా పదిహేనో ఎక్కం ఒప్పజెప్పిన ఆ పిల్లాడు ఇంకెక్కడికో వెళ్ళేవాడని నాకు లోపల ఎప్పుడూ ఉంటుంది. వాడితో ఫోన్ మాట్లాడటం ఒక పరీక్ష. ఎలా ఉన్నావురా అంటే అటునుంచి ఏమీ వినపడదు, హలో హలో అని అరిచి లైన్ కట్టయిందనుకుని నేనే ఎన్నిసార్లు పెట్టేశానో. పెట్టేసిన తర్వాత వాడు బాగున్నానక్కా అని ఉంటాడు.

ఇరవై రెండు నిమిషాలు. పద్నాలుగో గడి ఆకుపచ్చ, అందులో ఎక్కించిన లెక్కలు పన్నెండు. నేను చెప్పినట్టే చేస్తోంది పాపం. కాగితం మానెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, నేనిచ్చిన అలవాటుని నేనే ఎలా లాక్కోను, అందుకని మధ్యమధ్యలో ఒకసారి వేలుతో తాకుతూ ఉండమ్మా, మర్చిపోకు అన్నాను. కుడిచేత్తో రాస్తూ ఎడమ చూపుడువేలు అప్పుడప్పుడు అద్దానికి ఆనిస్తోంది, పొయ్యి మీది గిన్నె కాలుతోందా లేదా అని చూసినట్టు. ఇప్పుడు రాయడం ఆపింది. చివరి లెక్కకి వచ్చిందన్నమాట. అదేమిటో నాకు తెలుసు, రెండు వృత్తాలు పక్కపక్కన ఒకదాన్నొకటి తాకుతూ ఒకే గీత మీద కూర్చుని ఉంటాయి, పెద్దదాని వ్యాసార్ధం తొమ్మిది, చిన్నదానిది నాలుగు, గీతని అవి తాకే బిందువుల మధ్య దూరం ఎంత. బొమ్మలో లేని గీతలు రెండు గీసుకోవాలి. అవి కనపడితే చంటిపిల్ల కూడా చేస్తుంది, కనపడకపోతే నేను కూడా చెయ్యలేను. పలకలో బొమ్మ మీద గీతలు గియ్యడానికి వీల్లేదు. అది కళ్ళు మూసుకుంది. దాని వేలు కదులుతోంది, చెక్క బల్ల మీద, పలకకి జానెడు దూరంలో. ఒక గుండ్రం, పక్కన చిన్న గుండ్రం. మళ్ళీ. మళ్ళీ.

తాకమ్మా. ఒక్కసారి తాకు. నా కళ్ళు గడి మీద, దాని వేలి మీద, గోడ గడియారం మీద తిరుగుతున్నాయి. అది తాకి మూడు నిమిషాలు. నాలుగు. మిగతా ఏడు లెక్కలూ దాని మోచేతి కింద కాగితంలో ఉన్నాయి, చక్కగా, కొట్టివేత లేకుండా, వాటిని పలకలో ఎక్కించడానికి మూడు నిమిషాలు చాలు. పరీక్ష మొదలుకాక ముందు నియమాలు చదివింది నేనే, పిల్లలతో మాట్లాడరాదు, పిల్లల పలకని పర్యవేక్షకులు తాకరాదు, తాకితే సంజాయిషీ రాసివ్వాలి. నియమాల్ని పక్కకి నెట్టి పేరుతో పిలవచ్చు, బల్ల మీద డస్టరుతో ఒక్కటి కొట్టచ్చు, ఒకప్పుడైతే అదే చేసేదాన్ని, ఏయ్ ఎక్కడున్నావ్ అని. ఉలిక్కిపడి వస్తుంది. వస్తే ఆ గీత పోతుంది, మళ్ళీ మొదటి నుంచి నడవాలి. చుక్క పసుపుగా మారింది. గడిలో చిన్న అక్షరాలు వచ్చాయి, ఎవరూ లేరు అని. పక్కన అంకెలు. అరవై. యాభై తొమ్మిది. ఎవరూ లేరట. నా ఎదురుగా, కిటికీ వెలుతురులో, నుదుటి మీద చిన్న చెమట బిందువుతో పిల్ల కూర్చుని ఉంది, ఎవరూ లేరట. యాభై రెండు. ఆ పెద్దమనిషి వేళ్ళు మడుస్తున్నాడు. నాకు తెలుసు. ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు.

లేచాను. నా కుర్చీ కిర్రుమంది, నాలుగు తలలు లేచి మళ్ళీ దిగాయి. బల్లల మధ్య సందులో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచాను, మోకాలు నొప్పి సంగతి అప్పుడు గుర్తు లేదు. దాని పక్కన నిలబడ్డాను. పలక మీద పెద్ద అంకెలు, ముప్పై ఒకటి. చూపుడువేలు ఆనించాను. ఇరవై తొమ్మిది. గట్టిగా ఆనించాను. ఇరవై ఏడు. బొటనవేలు. మధ్యవేలు. ఇరవై మూడు. ఇరవై తొమ్మిదేళ్ళ సుద్ద అంతా ఆ వేళ్ళ చివర కూర్చుని నవ్వుతోంది. నేనూ లేను దాని లెక్కలో. వెనక పలకల అమ్మాయి లేచి నిలబడటం కనుచివర నుంచి తెలిసింది. పద్నాలుగు. వేలు నాలుకకి అద్దుకున్నాను, తడిగా, బాగా తడిగా, కళ్ళద్దాల పిల్లాడు చూశాడు, చూడనీ, ఛీ అననీ. ఆనించాను. అంకెలు పోయాయి. రెండు వృత్తాలూ గీత మీద తిరిగొచ్చి కూర్చున్నాయి. ఆ పిల్ల కళ్ళు తెరవలేదు. దాని వేలు ఇంకా చెక్క మీద తిరుగుతూనే ఉంది, పెద్ద వృత్తం మధ్య నుంచి చిన్న వృత్తం మధ్యకి ఒక గీత గీసి, అక్కడే ఆగింది.

పలకల అమ్మాయి దగ్గరకొచ్చి నా చెవిలో అంది, "మేడం, వేరే మనిషి తాకినట్టు ఇందులో పడితే నేను రిపోర్ట్ చెయ్యాలి."

"చెయ్యమ్మా," అన్నాను. "సంజాయిషీ నేను రాసిస్తాను."

ఆమె కదల్లేదు. నా వేలి వంక, పిల్ల మూసిన కళ్ళ వంక చూసింది. "ఇందులో ఎవరి వేలో పడదు మేడం, తాకినట్టే పడుతుంది," అని మెల్లగా అని, తన కుర్చీలోకి వెళ్ళి తన పలకలోకి తల దించుకుంది.

నేను వెనక్కి వెళ్ళలేదు. మిగతా ముప్పై ఐదు గడుల్ని ఎవరైనా చూసుకోనీ అని అక్కడే నిలబడ్డాను. నాలుగు నిమిషాలకోసారి వేలు తడి చేసుకుని ఆనించాను. ఆ నిలబడటంలో నాకు చిత్రంగా హాయిగా అనిపించింది, ఒక పిల్ల ఆలోచిస్తుంటే పక్కన ఊరికే నిలబడటం నా ఉద్యోగంలో ఎప్పుడైనా చేశానా అనిపించింది. ఎప్పుడూ తొందరే, తెలిసినవాళ్ళు చేతులెత్తండి, ముందెవరు, తర్వాతెవరు. ఏడు నిమిషాలుందనగా అది కళ్ళు తెరిచింది. కిటికీ వైపు కాదు, కాగితం వైపు చూసింది, రెండు గీతలు గీసింది, పదమూడు, ఐదు, పన్నెండు అని రాసింది. పన్నెండు కింద చిన్న గీత. అప్పుడు కాగితాన్ని పలక పక్కన సర్దుకుని, ఒక్కో జవాబే ఎక్కించడం మొదలుపెట్టింది, తొందర లేకుండా, ఇంకా బోలెడు సమయం ఉన్నట్టు. నిమిషం మిగిలి ఉండగా ఇరవయ్యోది పడింది.

గంట కొట్టాక అందరూ ఒక్కసారిగా మాటల్లో పడ్డారు, పలకలు తెచ్చి అల్మారాలో పెట్టారు, కళ్ళద్దాల పిల్లాడు నా వేలి సంగతి అప్పుడే పది మందికి చెప్పేశాడు. గది ఖాళీ అయింది. అది తన పలక పట్టుకుని అందరికన్నా ఆఖరున వచ్చింది. పలక ఇచ్చి వెళ్ళిపోబోయి, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"టీచర్. ఆ రోజు మీరడిగారు కదా."

"ఏ రోజు?"

"అప్పుడే ఎందుకు చెప్పలేదని."

ఆగాను. అది కిటికీ వంక చూసింది, చాలాసేపు చూసింది, బయట పిల్లల అరుపులు దూరమయ్యాయి.

"ముందు కాగితం మీద చెయ్యమంది మీరే కదా టీచర్. అందరి ముందూ ఆ మాట అంటే తప్పు మీదవుతుందని." అని, తలూపి వెళ్ళిపోయింది.

నేను ఆ పిల్ల బల్లలోనే కూర్చుండిపోయాను. చెక్క మీద దాని వేలు గీసిన గుండ్రాలేమీ కనపడటం లేదు. కాసేపటికి ఫోన్ తీసి, వేలు తడి చేసుకుని, తమ్ముడి నంబరు నొక్కాను. వెనక ఏదో మిషన్ చక్రం తిరుగుతున్న చప్పుడు, అక్కా అన్నాడు. "ఒరేయ్, ఆ తనిఖీ రోజు నీకు జవాబు వచ్చని నాకు తెలుసురా. లేచి చెప్పాల్సింది. నేను చెప్పలేదు," అన్నాను. అటునుంచి ఏమీ లేదు. చక్రం చప్పుడు కూడా ఆగిపోయింది. హలో అనలేదు నేను. ఫోన్ చెవికి అలాగే ఆనించుకుని కూర్చున్నాను.